2¹²⁷−1: ఒక ప్రధాన సంఖ్య ఆవిష్కరణ కాలనిర్ణయం

170141183460469231731687303715884105727 అనే 39 అంకెల సంఖ్యను 1876లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్డ్ లుకా కనుగొన్న ప్రధాన సంఖ్యగా చరిత్రకారులు పేర్కొంటారు. రెండును 127 సార్లు గుణించి, ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్య ఇది. అయితే 2ⁿ−1 రూపంలో ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాంకాల జాబితాలో మారెన్ మెర్సెన్ 1644లోనే 127ను చేర్చాడు. అటువంటప్పుడు ఆవిష్కర్త ఎవరు?

మెర్సెన్ జాబితా 257 వరకు సాగుతుంది. అందులో 67, 257 తప్పుగా చేరాయి. 61, 89, 107 జారిపోయాయి. 31కి పైన ఆయన పేర్కొన్న మూడు ఘాతాంకాలలో సరైనది 127 ఒక్కటే. నిరూపణ ఏదీ ఆయన ఇవ్వలేదు. కనుక దీనిని ఫలించిన ఊహగానే పరిగణించాలి, ఆవిష్కరణగా కాదు.

1772లో ఆయిలర్ 2³¹−1 ప్రధాన సంఖ్యేనని చూపినప్పుడు అనుసరించిన మార్గం భాజకాల అన్వేషణ. భాజకం ఉంటే అది 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని శేషంగా మిగలాలని గుర్తించి, 46,340 లోపు అటువంటి వాటినే పరీక్షించాడు. 2¹²⁷−1 వర్గమూలానికి 20 అంకెలుంటాయి. ఆ దారిన మనిషి ఒక జీవితకాలంలో గమ్యం చేరలేడు.

లుకా ప్రశ్ననే మార్చాడు. 3తో మొదలుపెట్టి, ప్రతి పదాన్నీ వర్గం చేసి 2 తీసివేస్తే 3, 7, 47, 2207 అనే శ్రేణి వస్తుంది. n ప్రధాన సంఖ్యయై, నాలుగుతో భాగిస్తే 3 మిగిలేదైతే, శ్రేణిలోని (n−1)వ పదాన్ని 2ⁿ−1 నిశ్శేషంగా భాగిస్తుందా అన్నదే పరీక్ష. ఘాతాంకం 7కు దీనిని సరిచూడవచ్చు. 2⁷−1 అంటే 127. 2207ను 127తో భాగిస్తే శేషం 48; 48 వర్గం నుంచి 2 తీసివేసి భాగిస్తే శేషం 16; 16 వర్గం నుంచి 2 తీసివేస్తే 254, అంటే సరిగ్గా 127కు రెట్టింపు. ఆరవ పదం నిశ్శేషంగా భాగింపబడింది కనుక 127 ప్రధాన సంఖ్య. ఘాతాంకం 127 అయినప్పుడు ఇటువంటి మెట్లు 125. శ్రమ అపారమే గాని అసాధ్యం కాదు.

ఈ పరీక్షకు మరో ముఖం ఉంది. 2⁶⁷−1 సంయుక్త సంఖ్య అని లుకా 1876లోనే తేల్చాడు, ఒక్క కారణాంకమూ చూపకుండా. 193707721, 761838257287 అనే దాని కారణాంకాలను ఎఫ్.ఎన్. కోల్ 1903లో గాని వెల్లడించలేదు. కారణాంకం తెలియకుండానే సంయుక్తత తెలియడం ఆనాటికి కొత్త రకపు జ్ఞానం. నా దృష్టిలో 39 అంకెల విజయం కంటే ఇదే పెద్దది.

లుకా నిరూపణలలో లోపాలున్నమాట నిజం. పరీక్షకు పటిష్ఠమైన పునాదిని 1930లో డి.హెచ్. లేమర్ అందించాడు. కాబట్టి 1876ను ఆవిష్కరణకు, 1930ని సిద్ధాంత స్థాపనకు వేర్వేరుగా నమోదు చేయడం సమంజసం. రెండింటినీ ఒకే తేదీలో కలిపివేసే అలవాటు వల్ల లేమర్ పాత్ర మరుగున పడుతోంది.

అతిపెద్ద ప్రధాన సంఖ్యగా దీని స్థానం 1951 వరకు చెక్కుచెదరలేదు. ఆ సంవత్సరం ఫెరియర్ బల్లమీది గణన యంత్రంతో 44 అంకెల సంఖ్యను సాధించగా, మిల్లర్, వీలర్‌లు ఎడ్‌సాక్ కంప్యూటరుతో 79 అంకెల దానిని కనుగొన్నారు. ఆ రెండవది లుకా సంఖ్య వర్గాన్ని 180తో గుణించి ఒకటి కలిపినదే.