‘బ్యారెల్’ నుంచి ‘వహాలి’ వరకు: తిమింగల సొర వేటను మాన్పించిన కళారూపం

జనం తిరిగే చోట ఒక భారీ రూపాన్ని నిలిపి, చూపరిని దాని సరసన నిలబెట్టి ఆలోచింపజేసే ప్రక్రియ ఇన్‌స్టలేషన్ కళ. సముద్రజీవుల వేటకు వ్యతిరేకంగా ఈ తరహా ప్రదర్శన భారతదేశంలో ఫలించిన సందర్భం గుజరాత్‌లోని తిమింగల సొర పరిరక్షణోద్యమం.

పేరులో తిమింగలం ఉన్నప్పటికీ ఇది చేపే. ప్రపంచంలోని చేపలన్నిటిలోకీ పెద్దది. 12 మీటర్లకు మించి పెరిగే ఈ జీవి ప్లవకాలను, చిన్న చేపలను నీటి నుంచి వడగట్టి తింటుంది. మనిషికి హాని చేయదు. సౌరాష్ట్ర తీరంలో దీని కాలేయపు నూనెను పడవల చెక్కకు నీరు పట్టకుండా పూసేవారు. 1990లలో మాంసానికి, రెక్కలకు విదేశీ గిరాకీ పెరగడంతో వేట ముమ్మరమైంది. వేటలో పీపాలను వాడేవారు కనుక మత్స్యకారులు ఈ చేపనే ‘బ్యారెల్’ అని పిలిచేవారు.

మైక్ పాండే 2000లో రూపొందించిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ డాక్యుమెంటరీ ఈ వేటను లోకం దృష్టికి తెచ్చింది. 2001లో కేంద్ర ప్రభుత్వం తిమింగల సొరను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ రక్షణ పొందిన తొలి చేప ఇదే. అయితే చట్టం వచ్చిన సంగతి రేవులలో చాలామందికి తెలియలేదు.

ఆ లోటును పూరించడానికి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ 2004లో ప్రచారం ప్రారంభించాయి. అసలు చేపంత పరిమాణంలో గాలి నింపిన బొమ్మను తీర పట్టణాలలో నిలిపి, వీధి నాటకాలు ప్రదర్శించారు. ప్రచారానికి అండగా నిలిచిన రామకథా ప్రవచనకర్త మొరారి బాపు, ఏటా ఈ తీరానికి వచ్చే చేపను కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చారు. గుజరాతీలో ముద్దుబిడ్డ అనే అర్థమిచ్చే ‘వహాలి’ దాని కొత్త పేరైంది. పుట్టింటికి వచ్చిన బిడ్డను చంపడం మహాపాపమన్న భావన, శిక్షల భయం కన్నా గాఢంగా నాటుకుంది.

వల మత్స్యకారునికి జీవనాధారం. చిక్కిన చేపను విడిపించాలంటే దానిని కోయక తప్పదు. అందుకే తెగిన వలకు ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. విడుదలకు రుజువుగా మత్స్యకారులే ఛాయాచిత్రాలు తీసి సమర్పించే ఏర్పాటు ఉంది. ఇప్పటికి వందలాది తిమింగల సొరలు ఈ విధంగా తిరిగి సముద్రం చేరాయి.

తూర్పు తీరంలోనూ ఈ చేప కనిపిస్తుంది. 2021 డిసెంబరులో విశాఖపట్నం సమీపంలోని తంతడి ఒడ్డుకు చేరిన తిమింగల సొరను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి సజీవంగా సముద్రంలోకి పంపారు.