పియానో వాదనలో వేళ్ళ సాధన

పియానో వాదనలో వేళ్ళ సాధన అనగా బలహీనమైన వేళ్ళు కూడా మిగిలిన వేళ్ళతో సమానమైన నాదాన్ని పలికించేలా చేసే అభ్యాసం. పియానోను పది వేళ్ళతో వాయిస్తారు. కానీ పదింటి సామర్థ్యం ఒకటి కాదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు సాధారణంగా బలహీనమైనవిగా పరిగణింపబడతాయి. వీటిని బలపరచడానికి 19వ శతాబ్దంలో ఐరోపాలో అనేక అభ్యాస గ్రంథాలు, యంత్రాలు వెలువడ్డాయి. ఇందుకోసం అమెరికాలో శస్త్రచికిత్స కూడా జరిగింది. అయితే ఈ బలహీనతకు ముఖ్య కారణం కండరాల శక్తి చాలకపోవడం కాదు, వేళ్ళ మధ్యనున్న సహజ బంధం. ఈ తేడా తెలియక బలవంతంగా సాధన చేసి చేతిని పాడుచేసుకున్నవారు ఉన్నారు.

వేళ్ళ సంఖ్యలు

పియానో స్వరలిపిలో ఏ స్వరాన్ని ఏ వేలితో వాయించాలో అంకెలతో సూచిస్తారు. రెండు చేతులకూ ఈ అంకెలు ఒకటే.

1 - బొటనవేలు
2 - చూపుడు వేలు
3 - నడిమి వేలు
4 - ఉంగరపు వేలు
5 - చిటికెన వేలు

వయొలిన్ స్వరలిపిలో చూపుడు వేలిని 1గా లెక్కిస్తారు. కనుక ఆ వాద్యం నేర్చి పియానోకు వచ్చినవారు ఈ తేడాను గమనించాలి.

మెట్టు నొక్కడానికి కావలసిన బలం

నేటి పియానోలో సాధారణంగా 88 మెట్లు ఉంటాయి. ఒక మెట్టును నెమ్మదిగా క్రిందికి దించడానికి సుమారు 50 గ్రాముల బరువు చాలు. ఇది దాదాపు ఒక కోడిగ్రుడ్డు బరువు. మెట్టు దిగే లోతు సుమారు 10 మిల్లీమీటర్లు. మెట్టు దిగినప్పుడు లోపలి సుత్తి తీగను కొడుతుంది. ఆ సుత్తి ఎంత వేగంగా కదిలితే నాదం అంత పెద్దదిగా వస్తుంది. మెట్టు అడుగుకు చేరిన తరువాత ఎంత గట్టిగా అదిమినా నాదంలో మార్పు ఉండదు. చేతికి అలసట మాత్రమే మిగులుతుంది.

తెలుగువారికి బాగా పరిచయమైన హార్మోనియంలో నాదం హెచ్చుతగ్గులు తిత్తి నుండి వచ్చే గాలిపై ఆధారపడతాయి. మెట్టును ఏ వేలు నొక్కినా స్వరం ఒకే స్థాయిలో పలుకుతుంది. అందువలన హార్మోనియంలో కనిపించని వేళ్ళ అసమానత పియానో వద్ద కూర్చోగానే బయటపడుతుంది.

శరీర నిర్మాణం

వేళ్ళను ముడిచే, చాచే ప్రధాన కండరాలు వేళ్ళలో లేవు. అవి మోచేతికి, మణికట్టుకు మధ్య ఉంటాయి. అక్కడి నుండి త్రాళ్ళ వంటి స్నాయుబంధనాలు మణికట్టు మీదుగా వేళ్ళ ఎముకల వరకు వస్తాయి. అరచేతిలోని చిన్న కండరాలు వేళ్ళ సున్నితమైన కదలికలకు తోడ్పడతాయి.

నాలుగు వేళ్ళను పైకెత్తడానికి ఒక ఉమ్మడి కండరం ఉంది. దానికి తోడు చూపుడు వేలికి, చిటికెన వేలికి వేరుగా ఒక్కొక్క కండరం ఉంటుంది. ఉంగరపు వేలికి సాధారణంగా అటువంటి సహాయం లేదు. పైగా చేతి వెనుక భాగంలో దాని స్నాయుబంధనం పొరుగు వేళ్ళ స్నాయుబంధనాలతో అడ్డపట్టీల ద్వారా కలిసి ఉంటుంది.

దీనిని సులభంగా పరీక్షించవచ్చు. అరచేతిని బల్లపై బోర్లించి, నడిమి వేలిని అరచేతి క్రిందికి మడవాలి. మిగిలిన వేళ్ళను ఒక్కొక్కటిగా పైకెత్తాలి. బొటనవేలు, చూపుడు వేలు, చిటికెన వేలు లేస్తాయి. ఉంగరపు వేలు మాత్రం దాదాపు కదలదు. ఇది వ్యక్తి లోపం కాదు, మానవ హస్త నిర్మాణం. గట్టి సాధనతోనైనా ఈ అడ్డపట్టీలు తొలగవు. ఉన్న హద్దులలోనే వేలిని చక్కగా కదిలించడం మెదడు నేర్చుకుంటుంది.

చరిత్ర

యంత్రాలు, శస్త్రచికిత్స

జర్మనీలో జన్మించి ఐర్లాండులో స్థిరపడిన యోహాన్ బెర్న్‌హార్డ్ లోజియర్ 1814లో కైరోప్లాస్ట్ అనే పరికరానికి పేటెంటు పొందాడు. ఇది మణికట్టును, వేళ్ళను మెట్లపై నిర్దిష్ట స్థానంలో నిలిపి ఉంచుతుంది. పారిస్‌లో ఆన్రీ ఎర్జ్ 1836లో డాక్టిలియాన్‌ను ప్రవేశపెట్టాడు. ఇందులో స్ప్రింగులకు వ్రేలాడే ఉంగరాలలో వేళ్ళను దూర్చి, స్ప్రింగు లాగుడుకు ఎదురుగా మెట్లను నొక్కాలి.

జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ యౌవనంలో లైప్జిగ్ నగరంలో పియానో విద్వాంసుడు కావాలని తీవ్రంగా సాధన చేశాడు. వేళ్ళ కోసం ఒక యంత్రాన్ని కూడా ఉపయోగించాడు. 1832 నాటికి అతని కుడిచేతి నడిమి వేలు స్వాధీనం తప్పింది. దీనికి యంత్రమే కారణమా, మితిమీరిన సాధనా, మరేదైనా వ్యాధా అన్న విషయంలో పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. విద్వాంసుడు కావాలన్న ఆశ విడిచి అతడు స్వరరచనకే అంకితమయ్యాడు.

1880ల దశకంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్యుడు విలియం ఫోర్బ్స్ ఉంగరపు వేలి అడ్డపట్టీలను కోసి, ఆ వేలిని విడిపించే శస్త్రచికిత్స చేశాడు. ఈ పద్ధతి సాధారణ ఆచారంగా నిలువలేదు.

అభ్యాస గ్రంథాలు

బీథోవెన్ శిష్యుడు, లిస్ట్ గురువు అయిన కార్ల్ చెర్నీ (1791-1857) వేళ్ళ నైపుణ్యానికి వందలాది అభ్యాసాలు రచించాడు. ఫ్రెంచి ఉపాధ్యాయుడు షార్ల్ లూయీ ఆనో 1873లో 60 అభ్యాసాలతో ఒక గ్రంథం ప్రచురించాడు. తెలుగు విద్యార్థులు దీనిని హానన్ అభ్యాసాలు అని వ్యవహరిస్తారు. అన్ని వేళ్ళనూ సమాన బలం గలవిగా చేయడమే దీని లక్ష్యం. బ్రామ్స్ 51 అభ్యాసాలు 1893లో వెలువడ్డాయి.

షోపెన్ అభిప్రాయం వీరికి భిన్నమైనది. ప్రతి వేలికీ తనదైన స్వభావం ఉందనీ, దానిని చెరపడం కంటే ఉపయోగించుకోవడం మేలనీ అతడు భావించాడు. పొడవైన నడిమి మూడు వేళ్ళను నల్ల మెట్లపై, పొట్టివైన బొటనవేలిని, చిటికెన వేలిని తెల్ల మెట్లపై ఉంచే స్థితిని ప్రారంభ విద్యార్థులకు సూచించాడు. అలాగని అతడు బలహీనమైన వేళ్ళను విస్మరించలేదు. 1833లో ప్రచురితమైన ఓపస్ 10లోని రెండవ అభ్యాసంలో కుడిచేతి 3, 4, 5 వేళ్ళే వేగంగా స్వరశ్రేణిని నడపాలి.

సాధన పద్ధతులు

చేతి స్థితి: చిన్న బంతిని అరచేత పట్టుకొన్నట్లు చేయి గుండ్రంగా ఉండాలి. మెట్టు నొక్కినప్పుడు వేలి చివరి కణుపు లోపలికి వంగిపోరాదు. పిల్లలలో బలహీనతగా కనిపించేది చాలాసార్లు ఈ కణుపు నిలువకపోవడమే.

ఐదు స్వరాలు: సి, డి, ఇ, ఎఫ్, జి మెట్లపై ఐదు వేళ్ళూ ఉంచి నెమ్మదిగా వాయించాలి. సి మెట్టును షడ్జమంగా తీసుకొంటే ఇవి శంకరాభరణంలోని స, రి, గ, మ, ప స్వరాలు. ఒక స్వరం నుండి మరొక దానికి మారినప్పుడు నాదం పెరగకుండా, తగ్గకుండా చెవితో గమనించాలి.

జంట వేళ్ళు: 3-4, 4-5 జతలతో రెండు ప్రక్క ప్రక్క స్వరాలను మార్చి మార్చి వాయించాలి. ఖాళీగా ఉన్న వేలు గాలిలో బిగుసుకొనక, మెట్టుపైనే తేలికగా ఆని ఉండాలి.

లయ మార్పు: సమానంగా ఉన్న స్వరాలను ఒకటి దీర్ఘంగా, ఒకటి హ్రస్వంగా వాయించి, తరువాత ఆ క్రమాన్ని తారుమారు చేయాలి.

చేతి సహాయం: చిటికెన వేలితో వాయించేటప్పుడు మణికట్టు, ముంజేయి కొద్దిగా ఆ వైపు కదలాలి. అప్పుడు చేతి బరువు వేలికి తోడవుతుంది. చేతిని కదలనీయక వేలినే శ్రమపెట్టడం పాత పద్ధతి.

చేతితో పిండే స్ప్రింగు పరికరాలు, రబ్బరు బంతులు పిడికిలి బలాన్ని పెంచుతాయి. అవి వేళ్ళన్నింటినీ కలిపి ముడుస్తాయి కనుక, ఒక్కొక్క వేలిని విడిగా కదిలించే నేర్పు వాటివలన రాదు.

జాగ్రత్తలు

తేలికపాటి అలసట సహజం. నొప్పి, తిమ్మిరి, మంట కలిగితే వెంటనే ఆపాలి. నొప్పిని ఓర్చుకొని వాయిస్తే వేలు బలపడుతుందన్న నమ్మకం ప్రమాదకరం. ఒకే అభ్యాసాన్ని గంటల తరబడి చేయడం కంటే, రోజూ కొద్దిసేపు చొప్పున, మధ్యలో విరామంతో చేయడం మంచిది. లక్షణాలు తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.

నొప్పి లేకుండానే వేళ్ళు స్వాధీనం తప్పే ఫోకల్ డిస్టోనియా అనే నాడీ సంబంధ వ్యాధి కూడా ఉంది. అమెరికన్ పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ (1928-2020) కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు 1964లో దీనివలన ముడుచుకుపోయాయి. ఆయన దశాబ్దాల పాటు ఎడమచేతి రచనలు వాయించి, సంగీత నిర్దేశకునిగా, ఉపాధ్యాయునిగా కొనసాగాడు. 1990ల దశకంలో చికిత్స పొందిన తరువాత మళ్ళీ రెండు చేతులతో వాయించగలిగాడు. 2004లో వచ్చిన ఆయన ఆల్బమ్ పేరు టూ హ్యాండ్స్, అంటే రెండు చేతులు.

ఇవి కూడా చూడండి

పియానో
హార్మోనియం
రాబర్ట్ షూమన్
ఫ్రెడెరిక్ షోపెన్