ఘోస్టీ

ఘోస్టీ మ్యాక్‌ఓఎస్, లినక్స్ కంప్యూటర్లలో పనిచేసే ఓపెన్ సోర్స్ టెర్మినల్ ఎమ్యులేటర్. హాషికార్ప్ సంస్థ సహవ్యవస్థాపకుడు మిచెల్ హాషిమోటో దీని సృష్టికర్త. కొంతకాలం కొద్దిమంది చేతిలోనే పరీక్షలో ఉండి, 2024 డిసెంబరులో ఎంఐటీ లైసెన్సుతో 1.0 వెర్షన్‌గా అందరికీ అందింది. అప్పటికి విండోస్‌కు మాత్రం రాలేదు.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ ఒకప్పుడు విడిగా ఉండే యంత్రం. తెర, కీబోర్డు తప్ప సొంత బుర్ర అంతగా లేని ఆ పరికరాన్ని తీగతో పెద్ద కంప్యూటరుకు కలిపేవారు. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 వాటిలో ప్రసిద్ధమైంది. కర్సరును జరపడానికి, తెరను తుడవడానికి అది వాడిన సంకేతాలనే నేటి ప్రోగ్రాములూ పంపుతున్నాయి. వాటిని చదివి ఆ యంత్రంలా నడుచుకోవడమే ఎమ్యులేటర్ పని.

ఘోస్టీకి ముందు కూడా అలాక్రిటీ, కిట్టీ వంటి వేగవంతమైన టెర్మినళ్లు ఉన్నాయి. అయితే అలాక్రిటీ వేగం కోసం, సరళత కోసం ట్యాబులను కావాలనే వదులుకుంది. కిట్టీలో సౌకర్యాలు ఎక్కువే, కానీ ట్యాబులను తన పద్ధతిలో తానే గీసుకుంటుంది. వేగం, సౌకర్యాలు, ఆపరేటింగ్ సిస్టమ్‌లో సహజంగా ఇమిడే రూపం మూడూ ఒకేచోట ఉండాలన్నది హాషిమోటో పట్టుదల. అందుకే సంకేతాలను అర్థం చేసుకునే మూలభాగాన్ని లిబ్‌ఘోస్టీ పేరుతో జిగ్ భాషలో రాసి, పైన కనిపించే కిటికీని మ్యాక్‌కు స్విఫ్ట్ భాషలో, లినక్స్‌కు జీటీకే టూల్‌కిట్‌తో వేర్వేరుగా కట్టారు. ఒకే కోడ్‌తో అన్నిచోట్లా సరిపెట్టుకోవడం కన్నా ఇది ఎక్కువ శ్రమ. ఘోస్టీ ప్రత్యేకత అంతా ఆ శ్రమలోనే ఉంది. అక్షరాలను గ్రాఫిక్స్ చిప్ గీస్తుంది. మ్యాక్‌లో మెటల్, లినక్స్‌లో ఓపెన్‌జీఎల్ ద్వారా. చదవడానికి, రాయడానికి, గీయడానికి ప్రతి టెర్మినల్‌కూ విడివిడి థ్రెడ్లు ఉంటాయి.

జెట్‌బ్రెయిన్స్ మోనో ఫాంటు లోపలే ఉండటంతో, ఏ సెట్టింగూ మార్చకుండానే వాడుకోవచ్చు. మార్చాలనుకుంటే మామూలు టెక్స్ట్ ఫైలు చాలు. కిట్టీ రూపొందించిన బొమ్మల ప్రోటోకాల్‌ను కూడా పాటిస్తుంది కాబట్టి టెర్మినల్‌లోనే చిత్రాలు చూడవచ్చు.

తెలుగువారు గమనించాల్సింది అక్షరాల లెక్క. టెర్మినల్ తెర సమాన గడులుగా ఉంటుంది. ఇంగ్లిషు అక్షరానికి ఒక గడి చాలు. ‘స్త్రీ’ కంటికి ఒకే అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. పాత టెర్మినళ్లు సంకేతాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి కర్సరును తప్పుచోట నిలిపేవి. కలిసి ఒక అక్షరమయ్యే సంకేతాలను గుంపుగా చూసే పద్ధతిని ఘోస్టీ మొదటి నుంచీ పట్టించుకుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పున్న తెలుగును సమాన గడుల్లో అందంగా కూర్చడం మాత్రం టెర్మినళ్లన్నిటికీ ఇంకా కష్టమే.