రామకోటి – కలతపడిన మనస్సునకు మరియొక లెక్క

మధ్యాహ్న భోజనములు ముగిసి, ఇంటి సందడి సద్దుమణగి, వీధి అరుగుమీద నీడ పరచుకొను వేళకు, ఒక ముదుసలి గోడకు చేరగిలబడి, ఒడిలో పలక యుంచుకొని, దానిపై గళ్ల పుస్తకము తెరచి, గడికొక్కటి చొప్పున ‘శ్రీరామ’ యని వ్రాసికొనుచు కూర్చుండు దృశ్యము తెలుగుదేశమున అనేక గృహములకు చిరపరిచితము. ఆ వ్రాతకు రామకోటి యని పేరు. నామమును కోటి పర్యాయములు లిఖించుట వ్రతము; ముక్తి దానికి చెప్పబడు ఫలము. కాని దాని చరిత్రను పరిశీలించిన కొలది, ముక్తికంటె ముందుగా, ఈ లోకముననే, అది అనుగ్రహించుచు వచ్చిన ఫలము మరియొకటి కలదని, కలతపడిన మనస్సునకు దినదినమును లభించు విశ్రాంతియే ఆ ఫలమని నాకు దృఢముగా తోచుచున్నది.

మనస్సు నిలువదన్న మొర క్రొత్తది కాదు. దానిని నిగ్రహించుట గాలిని పట్టి నిలుపుటవలె దుష్కరమని గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు విన్నవించుకొనగా, భగవానుడు ఆ మాటను త్రోసిపుచ్చలేదు. అది నిజమేయని యొప్పుకొని, అభ్యాసమును వైరాగ్యమును ఉపాయములుగా చెప్పెను. పతంజలి చిత్తవిక్షేపములను తొమ్మిదింటిని లెక్కించి, వానితోకూడ పుట్టు దుఃఖము, దౌర్మనస్యము, అవయవముల వణకు, శ్వాసగతి తప్పుట అను నాలుగింటిని వేరుగా పేర్కొనెను. లోనిదగు అలజడి చేతి వణకుగను, ఊపిరి తొట్రుపాటుగను బయలుపడునని గుర్తించిన ఆ మహర్షి, దానిని మాన్పుటకు ఏకతత్త్వాభ్యాసమును విధించెను. జపమునకు వాచికము, ఉపాంశువు, మానసము అని మూడు భేదములు చెప్పి, వానిలో మానసమే శ్రేష్ఠమని స్మృతికారులు నిర్ణయించిరి. అయితే మనస్సే రోగియై యున్నపుడు వైద్యభారము నంతయు మనస్సుపైననే మోపుట యెట్లు? ఈ చిక్కును విడదీసినది లిఖితజపము. అందు చేయి కదలును, కన్ను చేతిని అనుసరించును, ఆ రెంటి వెంబడి మనస్సు, తల్లి కొంగు పట్టుకొన్న బిడ్డవలె, తనంత తానే నడచి వచ్చును.

ఇక కోటి యన్న సంఖ్య యేల? రామచరితము శతకోటి విస్తరమని పురాణ ప్రసిద్ధి. ఆ నూరుకోట్ల గ్రంథమును మూడు లోకములవారికి సమముగా పంచిపెట్టుచు వచ్చిన పరమేశ్వరుడు, కడపట పంపకమునకు లొంగక మిగిలిన రెండక్షరములను తనకై యుంచుకొనెననియు, అవియే ‘రామ’ యనియు పెద్దలు కథ చెప్పుదురు. అపారమైన గ్రంథమంతయు రెండక్షరములలో ఇమిడినదన్న ఈ భావనయే రామకోటికి మూలమైన విశ్వాసము: రెండక్షరములను పట్టుకొన్నవాడు నూరుకోట్లను పట్టుకొన్నవాడే.

సంఖ్యాజపము తెలుగువారికి ఎంతటి నిష్ఠగా పరిణమించెనో తెలియుటకు త్యాగరాజస్వామి చరిత్ర చాలును. కావేరీతీరమున తిరువయ్యారులో నివసించి, తెలుగున కీర్తించిన ఆ మహానుభావుడు (1767–1847) 96 కోట్ల రామనామజపమును 21 సంవత్సరములలో పూర్తిగావించెనని సంప్రదాయము చెప్పును. దినమునకు 1,25,000 చొప్పున లెక్కవేసినచో 21 సంవత్సరములకు ఇంచుమించుగా ఆ మొత్తమే వచ్చును. గృహస్థుడై, ఉంఛవృత్తితో జీవించుచు, ఇంటిపోరు ననుభవించిన వాని జపమిది; అడవికేగిన ముని జపము కాదు.

ఇంతకు పూర్వమే రామనామము కష్టకాలమున తెలుగువానికి దిక్కైన ఉదాహరణము కంచెర్ల గోపన్న. గోలకొండ సుల్తాను తానాషా ప్రభుత్వకాలమున (1672–1687) పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నుండి, సర్కారు సొమ్ముతో భద్రాచల రామాలయమును నిర్మించి, గోలకొండ చెరసాలలో మ్రగ్గిన ఆయన కీర్తనలను వరుసగా పరికించిన యెడల, ఆందోళనము నొందిన మనస్సు యొక్క నడక యంతయు అందు గోచరించును. దేవునికి చేయించిన యొక్కొక్క నగకు ఎంతెంత వ్యయమైనదో ఏకరువుపెట్టి, నిందించి, వెంటనే నొచ్చుకొని, క్షమింపుమని వేడుకొనును. చింతకు స్వభావసిద్ధమైన వృత్తి లెక్కలు వేయుట. అప్పుల లెక్క, గడువుల లెక్క, రాని ఉత్తరముల లెక్క, జరుగరాని వాని లెక్క – రాత్రి నిద్రపట్టనివాడు చేయునది ఇదియే. తహశీల్దారైన గోపన్నకు లెక్కలే చెరయైనవి. నామమొక్కటే ఆ చెరలో కిటికీ యైనది.

ఐనను ఆనాటివారు నామమును పలికిరే కాని కోటి పర్యాయములు వ్రాయుట సామాన్యులకు సాధ్యమై యుండదు. తాటియాకుపై గంటముతో గీరి, మసి పూసి తుడిచిన గాని అక్షరము కనబడదు. ఆకునకు ఇరువైపుల కలిపి 250 నామములు పట్టునని యనుకొన్నను, కోటి నామములకు 40,000 ఆకులు కావలసి యుండును. కాగితము చౌకయైన తరువాతనే ఈ వ్రతము ఇంటింటి వ్రతము కాగలిగినది. 19వ శతాబ్ది ప్రథమార్ధమున బ్రౌనుదొర పండితులచే తాళపత్ర గ్రంథములకు కాగితపు ప్రతులు వ్రాయించెను. 1854లో చెన్నపట్టణమున వావిళ్ల వారి ముద్రాలయము వెలసెను. 1874లో ధవళేశ్వరమున వీరేశలింగం పంతులుగారు బాలికాపాఠశాలను స్థాపించిరి. కాగితము, అచ్చు, స్త్రీవిద్య అను ఈ మూడు ప్రవాహములు కలిసిన చోట రామకోటి పుస్తకము వర్ధిల్లినది. మంత్రమునకు ఉపదేశము కావలెను, వేదమునకు అధికారము కావలెను. రామకోటికి మూడక్షరములు వచ్చిన చాలును. కావ్యములు చదువుటకు చాలని కొద్దిపాటి చదువుగల యిల్లాండ్రకు, ఆ చదువుతోనే సాధింపదగిన మహాకార్యమొకటి చేతికందినది.

మా నాయనమ్మ పుస్తకములు కొన్ని మా యింట నేటికిని కలవు. ఆమె స్నానము చేసి, దీపము వెలిగించి, వ్రాయునంతసేపు మౌనముగా నుండెడిది; లేచునపుడు పుట అంచున ఆనాటి సంఖ్య వేసికొనెడిది. ఒకనాడు ఆ పుటలను త్రిప్పుచుండగా నాకొక విశేషము కనబడినది. కొన్ని దినముల తొలి వరుసలలో అక్షరములు వంకరపోయి, గడి దాటి, సిరా చిమ్మి యున్నవి. రానురాను గుడులు గుండ్రమై, తలకట్లు నిలబడి, పుట చివరికి వరుసలు ముత్యములవలె కుదురుకొన్నవి. దూరదేశమున నున్న కుమారుని క్షేమసమాచారము తెలియక ఆమె తల్లడిల్లిన మాసములవి యని తేదీలను బట్టి తెలిసికొంటిని. పతంజలి చెప్పిన చేతి వణకును, అది అణగిపోవుటయు ఒకే పుటలో లిఖితమై యున్నవి. ఆమె తన దుఃఖమును గూర్చి యొక్క మాటయు వ్రాయలేదు. వ్రాసినదెల్ల ‘శ్రీరామ’ మాత్రమే.

దినమునకు వేయి చొప్పున వ్రాసినను కోటి పూర్తియగుటకు 10,000 దినములు, అనగా ఇరువదియేడేండ్లకు పైగా పట్టును. నూటయెనిమిది మాత్రమే వ్రాయువారికి రెండువందల యేబది సంవత్సరములును చాలవు. ఈ వ్రతమును నెలకొల్పిన పూర్వులకు ఈ గణితము తెలియనిది కాదు. రేపేమగునో యని తత్తరపడు మనస్సు సర్వదా తుది కొరకై పరుగులిడును. దానికి కనుచూపు మేరలో తుదిలేని పని నొసగినచో, పరుగు వ్యర్థమని తానే గ్రహించి, ఎదుట నున్న గడిలో కూర్చుండును. భయమును లెక్కించుటకు అలవాటుపడిన బుద్ధిని లెక్క మానుమని శాసించుటకంటె, దాని చేతికి మరియొక లెక్క నందించుట ఎంత కరుణతో కూడిన ఉపాయము!

పూర్తియైన పుస్తకములను పసుపు కుంకుమలతో పూజించి, శ్రీరామనవమికి భద్రాచలము తీసికొనిపోయి స్వామి సన్నిధిని సమర్పించుట ఆచారము. కోటి నిండకయే కన్నుమూసినవారి పుస్తకములను ఇంటివారు కొనసాగించుటయు కలదు. మా నాయనమ్మ వ్రాసిన కడపటి పుస్తకమున సగము గళ్లు ఖాళీగా నుండెడివి. మనసు బాగులేని నాడు నేనును దానిని తెరచి, ఆమె ఆపిన గడికి తరువాతి గడిలో మొదలిడుదును. నా తొలి వరుసలును వంకరగనే యుండును.