నవజాత శిశువుల నిద్ర

పుట్టిన నాటి నుంచి 28 రోజుల వరకు శిశువును నవజాత శిశువు అంటారు. ఈ దశలో బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ ఒకేసారి కాదు.

తీరు: పసికడుపు చిన్నది. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు కావాలి కనుక రెండు మూడు గంటలకోసారి మేలుకుంటుంది. పగలు, రాత్రి తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నిద్రలో దాదాపు సగం చురుకు నిద్ర. అప్పుడు బిడ్డ కదులుతుంది, నవ్వుతుంది, మూలుగుతుంది. వెంటనే ఎత్తుకోకుండా కాసేపు చూడాలి.

ఉయ్యాల: తడకు దక్షిణాన, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని తమిళనాడులో ఉన్న ఊరు ఆరంబాక్కం. ఈ ప్రాంతపు ఇళ్ళలో పాత నూలుచీరతో ఉయ్యాల కట్టి, జోలపాడి ఊపడం వాడుక. తెలుగులో ఉయ్యాల, తమిళంలో తూళి. ఊపుకు బిడ్డ సేదదీరుతుంది. అయితే గుడ్డ వంపులో గడ్డం ఛాతీకి ఆని ఊపిరి ఇబ్బంది కావచ్చు. అందుకే పెద్దలు పక్కనే ఉండాలి. నిద్రపట్టాక చదునైన పక్కమీదికి మార్చాలి.

జాగ్రత్తలు: వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు, మెత్తని దుప్పట్లు వద్దు. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం మొదలయ్యాక శిశువుల ఆకస్మిక మరణాలు సగానికి పైగా తగ్గాయి.

పాలకు కూడా లేవకుండా మగతగా ఉన్నా, ఒళ్ళు వెచ్చబడినా, చల్లబడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. బిడ్డ నిద్రపోయినప్పుడే బాలింతా నిద్రపోవాలి; రాత్రి మెలకువలు ఇంటిల్లిపాదీ పంచుకోవాలి.