ముందురోజు పని

బార్డోలీ అనగానే చదువుకున్నవాళ్లకు 1928 గుర్తొస్తుంది, వల్లభ్‌భాయ్‌ని సర్దార్‌ని చేసిన ఊరని. స్టేషన్లో దిగి స్వరాజ్ ఆశ్రమానికి దారి అడిగేవాళ్లంతా ఆ కథ కోసమే వస్తారు. నేను సూరత్ బట్టల మార్కెట్లో లెక్కలు రాసి రిటైరై, ఈ ఊళ్లో స్థిరపడినవాణ్ని. మాది పద్మశాలి కుటుంబం. సిరిసిల్ల వైపు నుంచి సాంచెల (మరమగ్గాల) పనికని సూరత్‌లోని లింబాయత్‌కు వచ్చి, కార్పొరేషన్ వాళ్ల తెలుగు బడిలో చదువుకున్నాం. చాలాకాలం బీడీలు తాగి మానేశాను. అందుకేనేమో, ఈ ఊరి చరిత్రలో పోరాటం కంటే పోరాటానికి ముందు జరిగిన ఏర్పాట్లే నాకు ఎక్కువ రుచిస్తాయి. సాంచెల మీద పనిచేసే మనవాళ్ల పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "కాకా, రేపటి నుంచి బీడీ బంద్" అంటారు. "రేపటి సంగతి సరే, ఇయ్యాళ ఏం చేసినవ్?" అని అడుగుతాను. జవాబు ఉండదు.

1921 చివర్లో, ఒక తాలూకాకు తాలూకానే శిస్తు కట్టకుండా నిలబెట్టాలని గాంధీ అనుకున్నప్పుడు బార్డోలీని ఎంచుకున్నారు. కున్వర్‌జీ, కల్యాణ్‌జీ మెహతా సోదరులు అప్పటికే ఇక్కడి పాటీదార్ల మధ్య పనిచేస్తున్నారు. ఎంచుకోగానే శిస్తు ఆపెయ్యమనలేదు. ముందు ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. రాట్నం తిరుగుతోందా, ఖద్దరు కడుతున్నారా, జాతీయ పాఠశాలలో అంటరానివాళ్ల పిల్లల్ని పక్కన కూర్చోనిస్తున్నారా, హిందువులూ ముస్లిములూ ఒక్క మాట మీద ఉన్నారా, లాఠీ దెబ్బ పడ్డా చెయ్యి లేవకుండా ఉంటుందా? 1922 జనవరి 29న తాలూకా సభ పెట్టి, సిద్ధమే అని జనం చేత అనిపించుకుని, ఫిబ్రవరి 1న వైస్రాయ్ రీడింగ్‌కు ఏడు రోజుల గడువిస్తూ లేఖ రాశారు. నాలుగో తారీఖున చౌరీచౌరాలో జనం ఠాణాకు నిప్పుపెట్టారు, 22 మంది పోలీసులు చనిపోయారు. 11, 12 తేదీల్లో కాంగ్రెస్ కార్యవర్గం ఈ బార్డోలీలోనే కూర్చుని అంతా ఆపేసింది.

గుంటూరు జిల్లా పెదనందిపాడువాళ్లు అంత ఓపిక పట్టలేదు. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనను కూడగట్టి, బార్డోలీ ఇంకా తయారవుతుండగానే జనవరిలో శిస్తు నిరాకరణలోకి దిగారు. బార్డోలీలో ఆగేసరికి అక్కడా ఆగిపోయింది. ధైర్యంలో మనవాళ్లకు వంక పెట్టను. బార్డోలీకి అనుకున్న రోజు రాలేదు కానీ, దాని కోసం చేసుకున్న ఏర్పాట్లు ఊళ్లోనే ఉండిపోయాయి. ఆరేళ్ల తర్వాత పనికొచ్చినవి అవే.

1922 ఆఖర్లోనే ఈ చుట్టుపక్కల జరిగినది మనవాళ్లలో చాలామందికి తెలియదు. డేవిడ్ హార్డిమన్ అనే చరిత్రకారుడు దాని మీద ఒక పుస్తకమే రాశాడు. థానే జిల్లా తీరంలో కోలీ జాలర్ల మధ్య మశూచి దేవత పూజగా మొదలైనది, కొండలెక్కి డాంగ్స్ మీదుగా దిగి, 1922 నవంబరుకు సూరత్ జిల్లా ఆదివాసుల్లోకి వచ్చింది. ఆ దేవి పేరు సలాబాయి. నవంబరు 9న బార్డోలీకి తూర్పున ఖాన్‌పూర్ అనే చోట రెండు వేల మంది దాకా పోగయ్యారు. పందిరి కింద పూనకం వచ్చినవాళ్లు ఎర్రగుడ్డ పట్టుకుని తలలు ఊపుతూ దేవి ఆజ్ఞలు చెప్పారు. సారా, కల్లు మానండి. మాంసం, చేప మానండి. శుభ్రంగా బతకండి. మగవాళ్లు రోజుకు రెండుసార్లు, ఆడవాళ్లు మూడుసార్లు స్నానం చేయండి. పార్సీలతో ఏ లావాదేవీ పెట్టుకోకండి.

ఆ చివరి ఆజ్ఞ వింతగా అనిపించొచ్చు. 1878 ఆబ్కారీ చట్టం వచ్చాక ఇంట్లో ఇప్పసారా కాచుకోవడం నేరమైంది, తాగాలంటే దుకాణానికే పోవాలి. ఆ దుకాణాలు ఎక్కువగా పార్సీ కాంట్రాక్టర్ల చేతిలో ఉండేవి. అక్కడ అప్పు పెరిగేది, అప్పుకు వెట్టి చేయాల్సి వచ్చేది, చివరికి భూమి పోయేది. తాగుడు మానాలంటే ముందు దుకాణంతో లెక్క తెగాలన్న సంగతి పూనకంలో ఊగుతున్నవాళ్లకు తెలిసినంత స్పష్టంగా మద్యనిషేధం మీద ఉపన్యాసాలిచ్చిన పెద్దలకు తెలిసిందా అని నాకు అనుమానం.

ఇంకో సంగతి. ఎవడికి వాడు ఇంట్లో కూర్చుని ఒట్టు పెట్టుకోలేదు. ఒక ఊరివాళ్లు పొరుగూరికి వెళ్లి చూసొచ్చి, తమ ఊళ్లో పందిరి వేసి దేవిని పిలిపించుకునేవాళ్లు. పందిరికి గుంజలు నాటిన రోజే ఎవరెవరు మానబోతున్నారో ఊరందరికీ తెలిసిపోయేది. కున్వర్‌జీ మెహతా లాంటి కాంగ్రెస్ వాళ్లు దీన్ని చూసి అబ్బురపడి, దేవి ఆజ్ఞలకు ఖద్దరునూ జోడించే ప్రయత్నం చేశారు. అయితే అందరూ ఆ మాట మీద నిలవలేదు. కొన్నాళ్లకు జనం రెండుగా చీలారు. మానినవాళ్లను వర్జేలా అన్నారు, తిరిగి మొదలెట్టినవాళ్లను సర్జేలా అన్నారు. కొన్ని ఊళ్లలో ఏళ్ల తరబడి ఒకరింట్లో ఒకరు భోంచేయలేదు. ఈ ముక్క పాఠ్యపుస్తకంలో ఉండదు. బీడీ మానిన ఎవడికైనా మాత్రం బాగా అర్థమవుతుంది.

ఇక అందరికీ తెలిసిన 1928. శిస్తు 22 శాతం పెంచారని రైతులు వల్లభ్‌భాయ్ దగ్గరికి పోతే, ఫిబ్రవరి 4న ఆయన వచ్చి వాళ్ల మాట విన్నాడు. భూములు పోతాయి, గొడ్లు పోతాయి, వారం రోజులు ఆలోచించుకోండి అన్నాడు. 12న మళ్లీ వచ్చాడు, ఆ రోజు దేవుడి పేర ప్రమాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత తాలూకాలో శిబిరాలు, శిబిరానికొక నాయకుడు, ఇంటింటికీ రోజూ పత్రిక. జప్తు అధికారి వస్తున్నాడని డప్పు మోగగానే తలుపులు మూసుకునేవి, గేదెలూ మనుషులూ కలిసి లోపలే. చీకట్లో ఉండి ఉండి గేదెల చర్మం పాలిపోయిందంటారు. ఆగస్టుకు ప్రభుత్వం దిగొచ్చింది, విచారణ తర్వాత పెంపు 6 శాతం చిల్లరకు పడిపోయింది. ఇదంతా రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను ఆపేది ఆ వారం రోజుల గడువే. ఊపు మీద ఉన్న జనాన్ని అప్పటికప్పుడు ప్రమాణం చేయించడం తేలిక. ఇంటికి పోయి పెళ్లాంతో మాట్లాడి రండి అనడానికి గుండె కావాలి.

ఆ వల్లభ్‌భాయ్ కూడా ఒకప్పుడు సిగరెట్ మనిషే. అహ్మదాబాద్‌లో బారిస్టరుగా ఉన్నప్పుడు గుజరాత్ క్లబ్బులో సిగరెట్లు కాలుస్తూ బ్రిడ్జి ఆడుతూ గాంధీని ఎగతాళి చేశాడన్నది ప్రసిద్ధం. తర్వాతి కాలంలో పూర్తిగా మానేశాడు. ఆయన సొంతూరు కరంసద్ ఉన్న చరోతర్ సీమ బీడీ తంబాకుకు పెట్టింది పేరు, అటు ఆనంద్ వైపు పొలాలన్నీ అదే. మనకు గుంటూరు సీమ వర్జీనియా పొగాకు ఎలాగో వాళ్లకు అది అలాగ.

మా అమ్మ బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు, రేకు పెట్టి కత్తెరతో ఆకు కోసి, చిటికెడు తంబాకు వేసి, వేళ్ల మధ్య ఒక్కసారి దొర్లించి, దారం చుట్టి, కొస మడిచేది. ఇరవై ఐదుకు ఒక కట్ట. వెయ్యికి ఇంత అని కూలి. ఆకు బాగా లేదనో తంబాకు తక్కువైందనో కార్ఖానాలో కొన్ని తీసి పారేసేవాళ్లు, వాటికి డబ్బులు రావు. అట్లా పారేసినవి ఇంటికి తెస్తే మా నాయిన తాగేవాడు, తర్వాత నేను. ఇంట్లో తయారయ్యేదాన్ని మానడం దుకాణంలో కొనేదాన్ని మానడం కంటే కష్టం. చాటను బయట పారెయ్యలేం కదా, అన్నం అందులోంచే వచ్చేది.

పొగాకు మాన్పించడం మీద మన దేశంలో జరిగిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి గుజరాత్‌నూ తెలుగునేలనూ కలిపింది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన డాక్టర్ ఫలీ మెహతా బృందం 1960ల్లో కొన్ని జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించింది. వాటిలో భావనగర్ ఉంది, శ్రీకాకుళమూ ఉంది. శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. బయటకు బూడిద రాలదు, గాలికి ఆరిపోదు, పని చేసుకుంటూనే తాగొచ్చు. అంగిలి మాత్రం కాలుతుంది, అక్కడే క్యాన్సర్ పుడుతుంది. ఆ తర్వాత ఈ రెండు జిల్లాల్లోనూ కేరళలోని ఎర్నాకుళంలోనూ కలిపి 36,000 మంది పొగాకు అలవాటున్నవాళ్లను ఎంచుకుని, ఏటా వెళ్లి నోరు చూసి, ఎదురుగా కూర్చుని మానమని చెప్పారు. సినిమాలు చూపించారు, రేడియోలో చెప్పించారు. ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. చెప్పించుకున్నవాళ్లలో మానినవాళ్లు, తగ్గించినవాళ్లు ఎక్కువ, నోట్లో తెల్లమచ్చలు తక్కువ. మందు లేదు, మాత్ర లేదు. తెలిసిన మనిషి మళ్లీ మళ్లీ ఇంటికి రావడమే.

తారీఖు ముందుగా చాటి అందరూ ఒకే రోజు మానే పద్ధతి అమెరికాలో ఒక చిన్న ఊరి పత్రిక నుంచి పాకింది. మినెసోటా రాష్ట్రం మాంటిసెల్లోలో లిన్ స్మిత్ అనే సంపాదకుడు 1974 జనవరి 7న ఊరందరి చేత సిగరెట్ మాన్పించే రోజు పెట్టాడు. 1976 నవంబరులో కాలిఫోర్నియా దాన్ని అందుకుంది, మరుసటేడు దేశమంతా. మే 31 పొగాకు వ్యతిరేక దినం 1989 నుంచి. మన దగ్గర 2008 అక్టోబరు 2న బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం అమల్లోకి వచ్చింది, 2012లో గుజరాత్ గుట్కా నిషేధించింది. పాన్‌మసాలా ఒక పొట్లం, జర్దా ఒక పొట్లం విడివిడిగా కొని నోట్లో కలుపుకోవడం అందరికీ నెలలోనే వచ్చేసింది, అది వేరే విషయం.

2016లో పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం జాతీయ క్విట్‌లైన్ మొదలైంది, 1800-11-2356. రెండేళ్ల తర్వాత ఆ నంబరును పొగాకు పెట్టెల మీద అచ్చు వేయించారు. ఫోన్ ఎత్తేది ఎక్కడనుకున్నారు? ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో. అవతలి మనిషి మానడానికి ఒక తారీఖు పెట్టుకోమంటారు.  ఈ ఊరివాడిగా నాకు నవ్వొచ్చింది, ఆయన పేరు పెట్టుకున్న చోట ఆయన పద్ధతే.

నేను పిల్లలకు చెప్పే ముందురోజు పని ఇంకొంచెం నేల మీది వ్యవహారం. పొద్దున్నే ఇల్లు వెతకాలి. చొక్కా జేబులు, స్కూటర్ డిక్కీ, దేవుడి పటం వెనక, బాత్రూం గూట్లో. అగ్గిపెట్టె ఇంట్లో పొయ్యి దగ్గర ఒక్కటే ఉండాలి. పొగ వాసన ఉన్న బట్టలు ఉతకాలి, దుప్పటితో సహా. మొదటి మూడు రోజులు తల తిరుగుతుంది, చిరాకేస్తుంది, నిద్ర పట్టదు, రెండు మూడు వారాలకు తగ్గుతుంది, ఇది భార్యకు ముందే చెప్పాలి, లేకపోతే ఆమె తన మీద కోపమనుకుంటుంది. పగారు రోజు తారీఖు పెట్టుకోకూడదు. ఆ తర్వాత సాయంత్రం గల్లాకు పోవాలి. పాన్ గల్లా అంటే తెలుసుగా, పక్కన వేలాడే కొబ్బరితాడు కొసన నిప్పు రాజుకుంటూ ఉంటుంది, బల్ల మీద ప్లాస్టిక్ కాగితంలో వక్కముక్కలు, సున్నం, తంబాకు వేసి మావా అరచేత రుద్దుతుంటాడు. అక్కడ ఖాతా ఉంటుంది. దాన్ని పైసాతో సహా కట్టేసి, నలుగురూ వినేలా చెప్పాలి, రేపటి నుంచి నా పేరు రాయొద్దని. బాకీ ఉంటే బాకీ తీర్చే వంకతో మళ్లీ పోతాం. చాయ్ కూడా వేరే హోటల్లో చూసుకోవాలి.

పోయిన ఏడాది ఇవన్నీ చేసిన సూరత్ ఉధ్నా కుర్రాడొకడు దీపావళికి మళ్లీ అంటించాడు. మొన్న వచ్చి తల దించుకుని కూర్చున్నాడు. సర్జేలా అయినవాళ్లలోనూ మళ్లీ వర్జేలా అయినవాళ్లు ఉండే ఉంటారు, లేవరా అన్నాను. ఉత్తరాయణ్ రోజు పెట్టుకుంటానన్నాడు. వద్దన్నాను. ఆ రోజు మేడల మీద పతంగులు, పక్కన దోస్తులు, చేతిలో మాంజా, నోట్లో బీడీ. మర్నాడు వాసీ ఉత్తరాయణ్, అదీ అంతే. జనవరి 16 అని క్యాలెండర్ మీద రాయించాను. 15న మధ్యాహ్నం కాసేపు మేడ దిగి గల్లా ఖాతా తీర్చిరావాలి. నేనూ వెంట పోతున్నాను, వాడు సగమే కట్టి రాకుండా.