చెక్ ఇంజన్ లైటు, మైలేజీ తగ్గుదల (అబిడ్స్, నాంపల్లి)

స్పీడోమీటరు పక్కన ఇంజను బొమ్మతో పసుపు రంగులో వెలిగే హెచ్చరిక దీపమే చెక్ ఇంజన్ లైటు. ఇంజను కంప్యూటరు తనంతట తాను చేసుకునే పరీక్షల్లో ఏదైనా తప్పితే, ముఖ్యంగా పొగలో విషవాయువులు హద్దు దాటేలా ఉంటే, ఇది వెలుగుతుంది. ఆర్పించిన వారానికే మళ్లీ లైటు పడటం, దానితోపాటు మైలేజీ పడిపోవడం హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లో తిరిగే కార్ల విషయంలో తరచు వినే ఫిర్యాదు.

కారే తన లోపాన్ని పట్టుకునే పద్ధతి ఎప్పుడు మొదలైందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. కొందరు ఫోక్స్‌వాగన్ టైప్-3 కార్లతో, అంటే 1968 లేదా 1969తో మొదలుపెడతారు. అయితే అందులో డ్రైవరుకు లోపాన్ని చెప్పే ఏర్పాటు లేదు. డ్రైవరుకు కనిపించేలా దీపం వెలిగించి, లోపాన్ని సూచించే కోడ్ చెప్పే పద్ధతికి 1980ల తొలినాళ్ల జనరల్ మోటార్స్ కార్లను నాందిగా తీసుకోవడమే సబబు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి 16 పిన్నుల సాకెట్టు, అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్లు తప్పనిసరయ్యాయి. మన దేశానికి వచ్చేసరికి కొన్నిచోట్ల 2010 అనీ, కొన్నిచోట్ల 2013 అనీ రాశారు. రెండూ తప్పు కాదు. హైదరాబాదుతో సహా కొన్ని పెద్ద నగరాల్లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు అమలైన 2010 ఏప్రిల్‌లో వచ్చింది తొలి దశ. అది ప్రధానంగా వైర్లు తెగాయా, కలిశాయా అని మాత్రమే చూసేది. మిస్‌ఫైర్‌నూ (సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం), పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ పనితీరునూ పట్టుకునే రెండో దశ 2013 ఏప్రిల్ నాటిది. మెకానిక్‌కు అక్కరకొచ్చే లెక్క ఈ రెండోదే.

లైటు మళ్లీ మళ్లీ పడే మొండి కేసుల్లో ఎక్కువ చిక్కు కోడ్ చెరిపేయడంతోనే వస్తుంది. స్కానరు తగిలించి కోడ్ కొట్టేస్తే లైటు ఆరుతుంది. కానీ లోపం తలెత్తిన క్షణంలో ఇంజను వేగం, వేడి, బండి వేగం ఎంతున్నాయో దాచి ఉంచిన లెక్క కూడా దాంతోపాటే పోతుంది. పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మిస్‌ఫైర్ పరీక్ష ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. కన్వర్టర్ పరీక్ష అలా కాదు. చాలా కార్లలో అది పూర్తవాలంటే ఇంజను బాగా వేడెక్కి, బండి కొంతసేపు ఒకే వేగంతో సాగాలి. జీపీఓ చౌరస్తా నుంచి నాంపల్లి స్టేషను దాకా సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ వెళ్లే కారుకు ఆ అవకాశం ఎక్కడిది? జనవరి 1 నుంచి సుమారు నెలన్నర నాంపల్లిలో సాగే నుమాయిష్ ప్రదర్శన రోజుల్లోనైతే రద్దీ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే అబిడ్స్‌లో ఆరిన లైటు ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక వెలుగుతుంది. చాలా లోపాలకు వరుసగా రెండు ప్రయాణాల్లో పరీక్ష తప్పితేనే లైటు పడుతుంది కనుక మధ్యలో ఇంకొన్ని రోజులు గడుస్తాయి. ఈలోగా యజమాని రిపేరు కుదిరిందనే అనుకుంటాడు.

కోడ్‌ను తీర్పుగా తీసుకోవడం రెండో పొరపాటు. పి0171 అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని అర్థం. తీరా ప్లగ్గు విప్పి చూస్తే కొన మీద కాటుకలా మసి పట్టి ఉండవచ్చు. మసి పెట్రోలు ఎక్కువైందనడానికి గుర్తు. ఈ రెండూ కలిసి కనిపిస్తే ముందు పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సారుకూ ఇంజనుకూ మధ్యనున్న పొగగొట్టాన్నీ గాస్కెట్‌నూ చూడాలి. అక్కడ సన్నని పగులుంటే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సారు ఆ గాలిని చూసి పెట్రోలు చాలడం లేదని చెబుతుంది, కంప్యూటరు నమ్మి ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. సెన్సారు కొత్తది వేసినా పగులు పగులుగానే ఉంటుంది. కన్వర్టర్ పనితీరు తగ్గిందని చెప్పే పి0420 పడగానే ఖరీదైన కన్వర్టర్ మార్చమనే సలహా కూడా ఇలాంటిదే. మిస్‌ఫైర్, పెట్రోలు అతిగా పడటం వల్ల కన్వర్టర్ పాడవుతుంది కాబట్టి ముందు వాటిని సరిచేయకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

మైలేజీని దెబ్బతీసేది మరొకటుంది: ఎండలకు ఇంజను అతిగా వేడెక్కకుండా, కూలెంటు ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ వాల్వును తీసేయించే అలవాటు ఇంకా పోలేదు. వాల్వు లేకపోయినా, తెరుచుకుని బిగుసుకుపోయినా ఇంజను సరైన వేడికి ఆలస్యంగా చేరుతుంది. చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటరు పెట్రోలు ఎక్కువే పోస్తుంది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ప్రయాణాలే ఎక్కువగా ఉన్నచోట దీని దెబ్బ మరీ ఎక్కువ. పి0128 కోడ్ తరచు దీనికే పడుతుంది.

మైలేజీ తగ్గుదలకు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణమన్న వాదన ఈమధ్య బలంగా వినిపిస్తోంది. ఇథనాల్‌లో శక్తి లీటరుకు పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ కాబట్టి వాదన పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. 10 శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో తగ్గుదల 6 నుంచి 7 శాతం ఉండవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా. ఇంకా ఎక్కువనే వారున్నారు గానీ శక్తి లెక్కకు దగ్గరగా ఉన్నది ఈ అంచనాయే. లీటరుకు 16 ఇచ్చే కారు 15 ఇస్తే ఇథనాల్ అనుకోవచ్చు. 11కు పడిపోతే లోపం బండిలోనే వెతకాలి. ఈ లెక్కను మీటరు చూపే అంకెతో కాక, ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేసరికి పట్టిన లీటర్లతో వేసుకోవాలి.